డర్హము దేవాలయమున సాయంకాల ప్రార్థన

ఇంగ్లండు ఈశాన్యభాగమున, వియర్ నది మూడుప్రక్కల చుట్టి పాఱుటచే ఇంచుమించు ద్వీపమైన యొక యెత్తైన గట్టుమీద డర్హము కెథీడ్రలు నిలిచియున్నది. దానిని చూడవచ్చు విదేశీయులలో పెక్కుమంది పగటివేళ వచ్చి, గీతలు చెక్కిన ఆ మహాస్తంభములను తలయెత్తి చూచి, కత్బర్టు సమాధిని, బీడ్ పండితుని సమాధిని దర్శించి, రైలువేళకు మరలిపోవుదురు. కట్టడమును వారు చూచిరి గాని, ఏ పనికొఱకు ఆ కట్టడము పుట్టెనో ఆ పనిని వారు చూడలేదు. ఆ పని నేటికిని వారములో పెక్కుదినములు సాయంకాలమున, ముక్కాలుగంటసేపు, గాయకుల కంఠములతో నడచుచున్నది. దానికి ఎవరైనను పోవచ్చును. రుసుము లేదు, ఏ మతమువాడవని యడుగువారు లేరు. పరదేశమునకు పోయినవాడు ఆ దేశపు జనులను అంగడిలోను, పూటకూటియింటను కలిసికొనుటకంటె, వారి ప్రార్థనలో వారి ప్రక్కన కూర్చుండి కలిసికొనుట మేలని నా నమ్మకము. డర్హములో అట్టి పీఠము పరదేశికి లభించుటకు వెనుక శతాబ్దముల కథ యున్నది. ఆ కథ తెలిసి కూర్చుండినవానికి వినబడు పాట వేఱు.

ఈ దేవాలయమునకు మూలమే ఒక ప్రయాణము. క్రీ. శ. 687లో మరణించిన కత్బర్టు బిషప్పు దేహమును, సముద్రపుటంచున నున్న లిండిస్ఫార్న్ ద్వీపమున అతని శిష్యపరంపర కాపాడుచుండగా, ఉత్తరపు ఓడదొంగల దాడులకు నిలువలేక 875లో వారు ఆ శవపేటికను భుజములమీద నెత్తుకొని యిల్లు విడిచిరి. ఏండ్లతరబడి ఊరూర తిరిగి, చెస్టర్-లె-స్ట్రీట్ అను ఊరిలో నూఱేండ్లకు పైగా నిలిచి, మరల బయలుదేఱి, తుదకు 995లో ఈ గట్టుమీదికి చేరిరి. నార్మనులు దేశమును జయించిన తరువాత, విలియమను బిషప్పు 1083లో బెనెడిక్టు సంప్రదాయపు సన్న్యాసులను ఇక్కడ మఠముగా నెలకొల్పి, 1093 ఆగస్టులో నేటి దేవాలయమునకు పునాది వేసెను. నలువదియేండ్లలో, అనగా 1133 నాటికి, రాతి పక్కటెముకలవంటి బద్దలతో బిగించిన పైకప్పు మొదలుకొని అంతయు పూర్తియైనది. అంత యెత్తున, అంత వెడల్పున రాతికప్పును అట్టి బద్దలతో నిలువబెట్టుట ఐరోపాలో అప్పటికి క్రొత్త విద్య.

ఈ కప్పు క్రింద మఠవాసులు అహోరాత్రములు ఎనిమిది వేళల కూడి దావీదు కీర్తనలను పాడుచుండిరి. నూటయేబది కీర్తనలును వారమునకొకపరి పూర్తిగా పాడి ముగింపవలెనని బెనెడిక్టు నియమము. ప్రొద్దుగ్రుంకువేళ జరుగు సంధ్యాప్రార్థన యొకటి, నిద్రకు పోవుటకు ముందు జరుగు శయనప్రార్థన యొకటి: ఈ రెంటిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, ముందు వీనితో పనియున్నది. అతిథిని సాక్షాత్తు క్రీస్తువలె ఆదరింపుమని చెప్పునదియు ఆ నియమమే. డర్హము మఠము ఆ మాటను కొంతదూరము నిష్ఠతో పాటించినది. దేవాలయపు ఉత్తరద్వారమున సింహముఖమువంటి కంచుబిళ్ళ యొకటి, దాని నోట ఒక కడియము కలవు. రాజదండనకు వెఱచి పాఱివచ్చినవాడు ఆ కడియమును పట్టుకొని తలుపు తట్టినచో, మఠవాసులు వానిని లోనికి తీసికొని, ఎడమభుజముమీద పసుపుపచ్చని సిలువ కుట్టిన నల్లని అంగీ తొడిగి, ముప్పదియేడు దినములు అన్నము పెట్టి కాపాడెడివారు. ఆ గడువు లోపల వాడు రాజుతో రాజీపడవలెను, లేదా దేశము విడిచి పోవలెను. మూలమైన కంచుబిళ్ళను నేడు లోపల భద్రపఱచి, దాని ప్రతిరూపమును తలుపునకు బిగించియున్నారు.

హంతకునికి తెరచిన తలుపు అందఱికిని అంతే తెరచియుండెనని యనుకొనరాదు. పడమటివైపు నేలలో నల్లని చలువరాతి గీత యొకటి అడ్డముగా పొదిగియున్నది. స్త్రీ యెవతెయు ఆ గీత దాటి కత్బర్టు సమాధివైపు అడుగు వేయరాదని నాటి కట్టుబాటు. పురుషులైన గృహస్థులును గాయకుల ఆవరణమున కూర్చుండుటకు లేకుండెను. పాట వారికి గోడల మీదుగా, పొగమంచులో దూరపు గంటవలె వినబడవలసినదే. ఆ గీతమీద నిలిచి తూర్పువైపు చూచినచో ఆ దూరమెంతటిదో కాళ్ళకే తెలియును. ఇంతటి సుందరమైన ఆరాధన ఇంతమందిని వెలుపల నిలిపి జరిగెనన్న సంగతిని ప్రశంసలనడుమ మఱుగుపఱచుట న్యాయము గాదు.

ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేయగా, 1539 డిసెంబరు 31వ తేదీన డర్హము మఠము ముగిసినది. సంవత్సరమున్నర గడవకమునుపే, 1541లో, రాజశాసనముచే అదే కట్టడము డీన్ అను అధిపతి ఒకడు, కానన్లు అను గురువులు పండ్రెండుగురు గల కెథీడ్రలుగా పునఃప్రతిష్ఠితమైనది. మఠమునకు కడపటి అధిపతియైన హ్యూ వైట్‌హెడ్ క్రొత్త సంస్థకు మొదటి డీన్ అయ్యెను. పాడువారు, ఆర్గన్ వాద్యము, గంటలు, కొంతవఱకు మనుష్యులును అవియే, మాఱవలసినది ప్రార్థన. అది 1549లో మాఱెను. కాంటర్బరీ ఆర్చిబిషప్పైన క్రాన్మరు కూర్చిన సామాన్య ప్రార్థనల పుస్తకము, లాటినును తొలగించి ఇంగ్లీషును నిలిపి, ఎనిమిది వేళలను రెండు వేళలుగా కుదించినది. సంధ్యాప్రార్థననుండి మరియమ్మ కీర్తనను, శయనప్రార్థననుండి సుమెయోను కీర్తనను గ్రహించి, రెంటినడుమ క్రొత్తనిబంధన పఠనమును చేర్చి, క్రాన్మరు సాయంకాల ప్రార్థనను రూపొందించెను. నూటయేబది కీర్తనలను వారమునకు బదులు నెలకు పంచి, ముప్పది ఉదయములకును ముప్పది సాయంకాలములకును అమర్చెను. మఠవాసి జీవితమంతయు వెచ్చించి చేయు పనిని, పొలమునుండి వచ్చిన గృహస్థుడు రోజునకు రెండుమాఱులు చేయగలుగునట్లు మలచుట ఆ యేర్పాటులోని కీలకము. కుదించుటలో నష్టమైనదెంతయో యున్నను, పోయిన ఆ యాఱువేళల మూల్యముమీదనే తక్కిన రెండు వేళలు జనులందఱి సొత్తైనవని నేను తలచుచున్నాను.

ఆ సొత్తును ఉత్తరదేశమువారు సంతోషముతో స్వీకరించిరని చెప్పుటకు వీలులేదు. 1569 నవంబరు 14వ తేదీన, ఎలిజబెత్తు రాణిపై తిరుగబడిన ఉత్తరదేశపు ప్రభువులు డర్హము దేవాలయములో జొరబడి, ఇంగ్లీషు బైబిలును, ప్రార్థన పుస్తకమును చించివైచి, లాటిను పూజను మరల జరిపించిరి. కొలదివారములలోనే తిరుగుబాటు అణగిపోయినది. వందలకొలది బీదజనులు ఉరికంబమెక్కిరి. నాడు డీన్‌గా నున్న విలియం విటింగ్‌హామ్, జెనీవాలో ప్రవాసముండి వచ్చిన కఠినమైన సంస్కరణవాది, పాతకాలపు పూజాద్రవ్యములను నిర్దాక్షిణ్యముగా నాశముచేయించినవాడు. అయినను సంగీతమున ఆయనకు ప్రవేశముండెను. రాణిగారి ఆస్థానదేవాలయమునుండి మేలైన కీర్తనలను తెప్పించి తన గాయకులచే పాడించెనని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. ప్రతిమలను పగులగొట్టిన చేయియే పాటను పోషించుట డర్హము చరిత్రలో విశేషము. తక్కిన పెక్కుచోట్ల పాటయు మూగవోయినది.

పాటమీద యుద్ధము ఆ తరువాతి తరమున వచ్చెను. జాన్ కాజిన్ అను యువకుడైన కానన్ దీపములను, వస్త్రములను, వంగి నమస్కరించుటను, వాద్యగానములను హెచ్చుచేయగా, ఆ దేవాలయపు కానన్లలోనే వృద్ధుడైన పీటర్ స్మార్టు 1628 జూలైలో వేదికనెక్కి, ఇది దైవారాధన కాదు, ఆడంబరమని తీవ్రముగా ఖండించెను. దానికి ఫలముగా ఆయన పదవి పోయినది. అయిదువందల పౌనుల జుల్మానా విధింపబడినది. చెల్లింపనందున ఏండ్లతరబడి చెఱసాలయే గతియయ్యెను. కాలచక్రము తిరిగి 1640లో పార్లమెంటు కూడినప్పుడు స్మార్టు విడుదలపొందగా, కాజిన్ దేశముననే నిలువలేక ఫ్రాన్సునకు పోవలసివచ్చెను. పారిసులో ఇంగ్లీషురాణి పరివారమునకు గురువుగా నుండి, స్వదేశమున 1645లో నిషిద్ధమైన ప్రార్థన పుస్తకమును ఆ పరదేశములో తెరచి చదువుచు, దారిద్ర్యముతోను, చూపు సన్నగిల్లిన కన్నులతోను ఆయన ఇంచుమించు పదునేడేండ్లు గడపెను. పరాయిదేశమున ప్రార్థనకు చోటు వెదకుకొనుట ఎట్టిదో డర్హము గురువులలో ఆయనకు తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు.

ఆయన లేనప్పుడు ఆ దేవాలయమునకు వచ్చిన కష్టము చెప్పదగినది. 1650 సెప్టెంబరు 3వ తేదీన డన్‌బార్ యుద్ధమున పార్లమెంటు పక్షపు సేనానియైన క్రామ్వెల్‌కు చిక్కిన స్కాటు సైనికులను దక్షిణమునకు నడిపించుకొనివచ్చి, దారిలో చచ్చినవారు చావగా, మిగిలిన ఇంచుమించు మూడువేలమందిని గాయకులులేక, ప్రార్థనలేక పాడుపడిన ఈ కెథీడ్రలులో బంధించిరి. ఆకలి, రక్తవిరేచనములు, ఉత్తరదేశపు శరత్కాలపు చలి వారిని చుట్టుముట్టెను. మంట వేసికొనుటకు వేఱే గతిలేక, మఠకాలమునాటి చెక్కడపు పీఠములను, అడ్డుతెరలను, దొరకిన కలపనంతయు విఱిచి కాల్చుకొనిరి. దక్షిణపు గోడనున్న పెద్ద గడియారపు చట్రము మాత్రము మిగిలినది. దానిమీద స్కాట్లాండు చిహ్నమైన ముండ్లపువ్వు చెక్కియుండుటచే వారు దానిని ముట్టలేదని జనులు చెప్పుకొందురు. ఇంచుమించు పదునేడువందలమంది అక్కడనే మరణించిరి. బ్రదికినవారిలో కొందఱిని అట్లాంటికుకు ఆవల పనివాండ్రుగా పంపివైచిరి. చచ్చినవారిని ఎక్కడ పూడ్చిరో తెలియకయే మూడున్నర శతాబ్దములు గడచి, 2013లో దేవాలయమునకు సమీపమున కట్టడముపని జరుగునప్పుడు ఎముకలు బయలుపడగా, పరిశోధించి, వారివేయని తేల్చి, 2018లో డర్హములోనే మరల భూస్థాపనము చేసిరి. ఆ చలికి పీఠములను కాల్చుకొన్నవారిని ఏ చరిత్రకారుడును నిందింపరాదు. కొయ్యను మరల చెక్కించుకొనవచ్చును.

కాజిన్ చెక్కించెను. 1660లో రాచరికము మరల నెలకొనగా డర్హమునకు బిషప్పై తిరిగివచ్చి, శూన్యమైన ఆవరణమున ఇరువైపుల ఎత్తైన కొయ్యగోపురములతో క్రొత్త ఆసనపంక్తులను నిలిపెను. ఆకారము చూచినచో మఠకాలపు శైలి; దగ్గఱకుపోయి వ్రేళ్ళతో తడవినచో పూలదండలు, ఆకుచుట్లు ఆయన కాలపువి. ఆసనపు పలకను పైకెత్తినచో దాని యడుగున చెక్కడముతోగూడిన చిన్న అంచు కనబడును. దీర్ఘకాలము నిలువబడి పాడు ముదుసలి సన్న్యాసులు, నిలిచినట్లే కనబడుచు నడుమును ఆనించుకొనుటకు పూర్వము కల్పించిన ఉపాయమది. సన్న్యాసులు పోయి నూటయిరువదియేండ్లు దాటిన తరువాతను కాజిన్ ఆ యంచును విడువలేదు. ఆయన చేతివ్రాతతో సవరణలు నిండిన పాత ప్రార్థన పుస్తకమొకటి డర్హములో నేటికిని కలదు. ఆ సవరణలలో కొన్ని 1662 నాటి సవరించిన ప్రార్థన పుస్తకమున చేరినవి. నేడు వినబడు సాయంకాల ప్రార్థనకు ఆ 1662 పుస్తకమే ఆధారము.

ఆ ఆసనములలోనే నేడు పరదేశిని కూర్చుండబెట్టుదురు. ఇది నన్ను మిక్కిలి కదిలించిన విషయము. నల్లని అంగీ ధరించిన దేవాలయపు ఉద్యోగి ప్రార్థనవేళకు ముందుగా నిలిచియుండి, వచ్చినవారిని సభామండపమున వెనుక విడువక, అడ్డుతెర దాటించి, గాయకుల ప్రక్కనున్న పంక్తులకు కొనిపోవును. పూర్వము గృహస్థునకు ప్రవేశములేని చోటది. కూర్చుండిన పిమ్మట కనులయెదుట చిన్న దీపము, చేతికందునట్లు పుస్తకము, మోకాళ్ళకు మెత్తలు. ఆర్గన్ వాద్యము మెల్లగా సాగుచుండగా, దండధారి ముందు నడువ, బాలగాయకులు, పురుషగాయకులు, గురువులు జంటలుగా వచ్చి రెండు ప్రక్కలకు చీలుదురు. గురువు ఒక చిన్నవాక్యమును స్వరమెత్తి పలుక, గాయకులు దానికి బదులు పలుకుదురు. తరువాత కీర్తన. ఒక పక్షమువారు ఒక చరణమును, ఎదుటిపక్షమువారు మఱుచరణమును అందుకొందురు. ప్రతిచరణమునడుమ ఊపిరికి చిన్న విరామము. మన భజనమందిరములలో ఒకరు పాడ తక్కినవారందుకొనుట తెలిసినవానికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు గాని, ఇక్కడ తాళములేదు, వేగము హెచ్చదు, పాట ఉద్రేకమునకెక్కదు. చదువు ఎంత త్వరగా సాగునో పాటయు అంతే సాగును.

కీర్తన యేదియన్నది ఎవరి మనస్సునుబట్టియు నిర్ణయమగునది కాదు. పుస్తకపు ఏర్పాటు ప్రకారము తేదీయే దానిని నిర్ణయించును. పదునైదవ తేదీ సాయంకాలమునకు డెబ్బదికి పైగా చరణములుగల 78వ కీర్తన యొక్కటియే వచ్చును. ఇశ్రాయేలీయుల అరణ్యయాత్ర అంతయు అందులో నున్నది. సంతోషముతో వచ్చినవానికి శోకగీతమును, దుఃఖముతో వచ్చినవానికి జయగీతమును ఎదురుకావచ్చును. మొదట ఇది లోపముగా తోచును. రెండవమాఱు కూర్చుండినప్పుడు దానివలని మేలు తెలియును: ఆ గానము నన్ను ఉద్దేశించి యేర్పడలేదు గనుక, నేను ఏ భావమును నటింపనక్కఱలేదు. నేను రాకున్నను అది జరిగెడిదే. వర్షపుసాయంకాలమున పాడువారికంటె వినువారు తక్కువయైనను, బాలురు అంతే శ్రద్ధతో పాడుదురు. అతిథికి ఇంతకంటె నెమ్మదిగొలుపు ఆతిథ్యమును నేనెఱుగను.

తరువాత పాతనిబంధన పఠనము, మరియమ్మ కీర్తన, క్రొత్తనిబంధన పఠనము, సుమెయోను కీర్తన. విశ్వాసప్రమాణమప్పుడు అందఱును తూర్పునకు తిరుగుదురు. క్రొత్తవాడు ప్రక్కవానిని చూచి తిరిగిన చాలును, తిరుగకున్నను తప్పుపట్టువారు లేరు. సంక్షేపప్రార్థనలు మూడు ముగిసిన పిమ్మట, పాడుటకు వీలున్నచోట్ల ఇక్కడ కృతి పాడవలెనని 1662 పుస్తకము ఒక చిన్నపంక్తి వ్రాసియుంచినది. ఆ యొక్క పంక్తి నీడన మూడున్నర శతాబ్దముల ఇంగ్లీషు దేవాలయసంగీతము పెరిగినది. ప్రభుభోజనమునందువలె ఎవరు తీసికొనవచ్చును, ఎవరు తీసికొనరాదన్న ప్రశ్న ఇందులో పుట్టదు. అన్యమతస్థుడును, నమ్మకము లేనివాడును ఆదినుండి అంతమువఱకు ఇబ్బందిలేక కూర్చుండగలుగుటకు ఇది ముఖ్యకారణము.

ఈ ఆరాధన సదా ఇంత శ్రద్ధతో జరిగెనని చెప్పజాలము. పందొమ్మిదవ శతాబ్దపు మొదటిభాగమున కెథీడ్రలులలో చాలచోట్ల గాయకులు తగ్గి, గురువులు రాక, ప్రార్థన మ్రొక్కుబడిగా మాఱినది. ఆ మందదశకు పిమ్మట, డర్హమున 1849 మొదలు 1862 వఱకు గానాధ్యక్షుడైన జాన్ డైక్స్ పేరు మనవారు వినకపోయినను, ఆయన 1861లో వెలువరించిన త్రిత్వస్తుతి బాణీ మన పట్టణములలోని ఇంగ్లీషు ఆరాధనలలో వినబడుచునే యున్నది. 1926లో వెస్టుమినిస్టరు ఆబీనుండి రేడియోలో ఈ సాయంకాల ప్రార్థన మొదటిమాఱు ప్రసారమగుటతో, దేవాలయమునకు రాలేనివారియిండ్లకును అది చేరెను.

తెలుగుదేశమునకును డర్హమునకును ఒక సంబంధము కలదు. డర్హము జిల్లాలోని వెస్టో గ్రామమున 1817లో జన్మించిన హెన్రీ వాట్సన్ ఫాక్సు, రాబర్టు నోబుల్‌తో కలిసి 1841లో బందరు చేరెను. నోబుల్ 1843లో పాఠశాల తెరచి అచటనే స్థిరపడెను; ఫాక్సు తెలుగు నేర్చుకొని కృష్ణాతీరపు గ్రామములు తిరిగెను. శరీరము ఆ యెండలకు తాళలేదు. భార్యను పోగొట్టుకొని, స్వదేశమునకు పోయి, మరల వచ్చి, మరల జబ్బుపడి, 1848 అక్టోబరులో డర్హములోనే ముప్పదియొకటవయేట కన్నుమూసెను. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన పేర నిధి కూర్చి బందరుపాఠశాలలో ఒక అధ్యాపకుని పోషించిరి. క్రాన్మరు పుస్తకము తెలుగున వెలువడి కృష్ణాజిల్లాలోను, కడప కర్నూలు ప్రాంతములలోను గ్రామదేవాలయముల కెక్కినది. 1912లో బిషప్పైన అజరయ్యగారి కాలమున డోర్నకలులో గుమ్మటములతోను, మన దేశపు చెక్కడపు స్తంభములతోను కట్టి 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠించిన కెథీడ్రలు ఆ పరంపరలోనిదే. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా ఆ పుస్తకపు ధార వేఱువేఱు సంప్రదాయముల ధారలతో కలిసిపోయెను.

డర్హములో నల్లరాతి గీత ఇప్పటికిని నేలలో నున్నది. 2009 మొదలు బాలికలును గాయకులుగా చేరి, బాలురతో వంతులవారిగా అదే ఆసనములనుండి సాయంకాల ప్రార్థనను పాడుచున్నారు. అక్కడికి పోవు తెలుగువారికి నా సలహా యొక్కటి. పగలు చూడవలసినవి చూచి, సాయంకాలమునకు ముందే వచ్చి, ఆనాటి కీర్తన యెన్నవదియో దేవాలయపు ఉద్యోగిని అడిగి తెలిసికొనుడు. కీర్తనల సంఖ్య ఇంగ్లీషునను తెలుగునను ఒక్కటియే. తెలుగు బైబిలులో ఆ పుట తెరచి ఒడిలో ఉంచుకొన్నచో, ఎదుటిపక్షమువారు ఏ చరణమునందుకొన్నారో మీకును తెలియుచునే యుండును.